పెల్షా వీపు

డొనా పెల్షా వీపు గురించి నాకు తెలిసినంత అతని భార్య లూసీల్‌కు కూడా తెలియదు. ఈ మాట ఆమె ముందే అన్నాను. "నాకు కనపడేది ఎక్కువగా పొట్టే," అంది ఆవిడ. పన్నెండు చలికాలాలు ఆ వీపు వెనకే తిరిగాను. ఎడమ భుజం కుడి భుజం కన్నా కాస్త కిందికి ఉంటుంది. మెడ మీద పుట్టుమచ్చ, దాని పక్కనే నా కర్ర తగిలి కుట్లు పడ్డ మచ్చ. పక్కు తన దగ్గరికి వస్తోందనగా ఆవలించబోయేవాడిలా రెండు భుజాలూ ఒక్కసారి సడలుతాయి. అదిగో సడలాయి అని నేను అనుకునేలోపే ఆ నల్ల రబ్బరు బిళ్ళ మా గోల్‌లో ఉండేది.

నా పేరు ఒరెస్ట్ బాబియుక్. ఆరడుగుల మూడంగుళాల మనిషిని, ముక్కు ఎన్నిసార్లు విరిగిందో నాకే గుర్తులేనివాణ్ణి, లీగంతా బేబీ అని పిలిచేది. స్ప్రూస్ లేక్ ఐస్ హాకీ జట్టుకు ఆడేవాణ్ణి. ఆడేవాణ్ణి అనడం కూడా గొప్పలు పోవడమే. పొరుగున ఉన్న ఐరన్ ఫాల్స్ జట్టుతో ఆట ఉన్నప్పుడల్లా మా కోచ్ మర్డో నాకొక్కడికే విడిగా ఉపదేశం చేసేవాడు.

"పెల్షాగాడు ఎక్కడికి పోతే అక్కడికి పో. వాడు మంచినీళ్ళు తాగితే నువ్వూ తాగు. వాడు గోల్ కొట్టకుండా చూడ్డమే నీ పని. ఇంకేం చెయ్యకు. ముఖ్యంగా పక్కు ముట్టుకోకు. అది నీ వల్ల కాదు."

నా వల్ల కాదన్న మాట నిజమే. అన్నేళ్ళ ఆటలో నేను కొట్టిన గోల్స్ సున్నా. గోల్ కాచే మా గోలీ కూడా ఒకసారి కొట్టబోతే కొద్దిలో తప్పింది. నేను అంతవరకూ కూడా పోలేదు.

మా లీగు పెద్ద లీగుకు ఒక మెట్టు కింద ఉండేదని మా యజమానులు చెప్పుకునేవారు. మెట్లు లెక్కపెట్టడం వాళ్ళకు సరిగ్గా రాదు. అన్నీ గనుల ఊళ్ళూ, కాగితం మిల్లుల ఊళ్ళూ. ఊరికీ ఊరికీ మధ్య స్ప్రూస్ చెట్లూ, మంచూ, మళ్ళీ స్ప్రూస్ చెట్లూ. బస్సులో హీటరు ముందు వరసల వాళ్ళకే తగిలేది. ఆ వరసల్లో గోల్స్ కొట్టేవాళ్ళు కూర్చునేవారు. నేనెక్కడ కూర్చునేవాణ్ణో చెప్పక్కర్లేదు.

పెల్షా ఐరన్ ఫాల్స్‌కు వచ్చినప్పుడు వాడికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. ఎక్కడో ఉత్తరాన కోత మిల్లు ఊరు. ఫ్రెంచి తప్ప రాదు. ఇంగ్లీషులో రెండే మాటలు వచ్చు, ఆ రెండూ చర్చిలో అనేవి కావు. మొదటి ఆటలోనే మర్డో నన్ను వాడి మీదికి వదిలాడు. నెల తిరిగేసరికి వాడికి ఇంగ్లీషు వచ్చేసింది. నన్ను ఏడిపించడానికే నేర్చుకున్నాడని నా నమ్మకం.

"ఏరా, నిన్ను బేబీ అంటారటగా? ఇంత బేబీనా? మీ అమ్మ ఇంకా బతికే ఉందా, పాపం?"

"నోరు ముయ్యి."

"కోప్పడకు. ఇవాళ మా ఇంట్లో బఠాణీ సూపు. పంది మాంసం ముక్క పెద్దది వేసింది మా అత్త. నువ్వెప్పుడైనా..."

ఆ సూపులో ఇంకేం వేశారా అని నా బుద్ధిలేని బుర్ర ఆలోచిస్తుండగానే వీపు మాయమైంది. వెనక్కి తిరిగి చూసేసరికి మా గోలీ మోకాళ్ళ మీద కూర్చుని నన్ను బూతులు తిడుతున్నాడు. అలాగే సాగాయి పన్నెండేళ్ళు. సూపులూ, వాళ్ళ మామగారి గురకా, ఇంటి పైకప్పు లీకూ అన్నీ నాకు కంఠతా వచ్చాయి. ఆ కబుర్ల సందుల్లోంచే గోల్స్ దూరిపోయేవి. కర్ర చివరతో కొట్టేవాడు, తిరగేసి కొట్టేవాడు, పడిపోయి బోర్లా దొర్లుతూ కొట్టేవాడు. ఒకసారి ఎవరో కొట్టిన పక్కు వాడి పిర్రకు తగిలి గోల్‌లో పడింది. లేచి, జనానికి వంగి వంగి దండాలు పెట్టాడు.

వాడికున్న లోపం ఒక్కటే. వెనక్కి రాడు. తమ గోల్ మీద అవతలివాళ్ళు విరుచుకుపడుతుంటే ఆటగాళ్ళందరూ పరుగున వచ్చి కాపాడుకుంటారు. వీడు మాత్రం బస్సు కోసం నిలబడ్డ మనిషిలా నడి గీత దగ్గర కర్ర మీద వాలి నిలబడేవాడు. నేనూ పక్కనే నిలబడేవాణ్ణి, వేరే పని లేదు గనక. చేతికి వచ్చిన పక్కును వెనక నిలబడ్డ తనవాడికి ఇవ్వడమూ తెలియదు. వాళ్ళ కోచ్ "వెనక్కివ్వు! వెనక్కివ్వరా దరిద్రుడా!" అని అరిచి అరిచి గొంతు పాడుచేసుకున్నాడు. జనం కూడా నేర్చుకున్నారు. వాడు మూలలో చిక్కుకున్నప్పుడల్లా ఐసు మైదానం చుట్టూ రింకంతా ఒక్క గొంతుతో "వెనక్కివ్వు!" అనేది. వాడు చేయెత్తి పలకరించి, రింకు గోడ పక్క సందులోంచి దూరి, ఎలాగో గోల్ కొట్టేవాడు.

ఒక చలికాలం పెద్ద లీగు వాళ్ళు పిలిచారు. విమానంలో వెళ్ళాడు. అక్కడా గోల్స్ కొట్టాడు. ఆ కోచ్ నల్లబల్ల మీద గీతలు గీసి, మన గోల్ మీదికి వాళ్ళు వచ్చినప్పుడు నువ్వు ఇక్కడికి రావాలి అని చూపించాడట. "అక్కడ గోలీ ఉన్నాడు కదండీ, వాడికి మీరు జీతం ఇవ్వడం లేదా?" అని వీడు అడిగాడట. మంచు కరగకముందే తిరిగొచ్చాడు. ఈసారి బస్సులో.

ఆ కథ వాడు సారాకొట్టులో ఎన్నిసార్లు చెప్పాడో. మా దగ్గర ఆటయ్యాక రెండు జట్లూ ఒకే కొట్టుకు పోవడం రివాజు. అంతసేపూ తన్నుకున్నవాళ్ళం ఒకరి గ్లాసు ఒకరు నింపుకునేవాళ్ళం. పెల్షా నల్లబల్ల కథ చెప్పగానే అందరికీ నవ్వుకు పొట్ట చెక్కలయ్యేది. చెప్పేవాడు మాత్రం నవ్వేవాడు కాదు. అది నాకు తెలుసు. ఎంతైనా వాణ్ణి చూడ్డం నా ఉద్యోగం.

కొత్త సంవత్సరానికి లూసీల్ నాకు మాంసం కూరి కాల్చిన రొట్టె ఒకటి పంపేది. "మా ఆయన్ని నీ అంత శ్రద్ధగా కనిపెట్టుకుని ఉన్నవాళ్ళు లేరు. నేను కూడా ఉండలేదు," అని కబురు చెప్పేది. మర్డోకు తెలిస్తే లంచమంటాడని బస్సు వెనక సీట్లో కూర్చుని మొత్తం ఒక్కణ్ణే తినేవాణ్ణి.

ఇక రికార్డు సంగతి. మా లీగులో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినవాడు క్లారెన్స్ ఓడ్జర్స్. మా స్ప్రూస్ లేక్ వాడే. ఆట మానేశాక పాత కార్ల వ్యాపారం పెట్టాడు. ఊళ్ళోకి వచ్చే దారిలో ఆయన బొమ్మ, చేతిలో హాకీ కర్ర, వెనక తుప్పు పట్టిన కార్ల వరస. తాను ఆడిన రోజుల్లో గోల్ ఇప్పటికన్నా చిన్నదనీ, గోలీలు ఇప్పటికన్నా లావనీ ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు. ఆయన దగ్గర నేనూ ఒక కారు కొన్నాను. బ్రేకుల గురించి మాట్లాడదలచుకోలేదు.

పెల్షాకు ముప్ఫై ఒకటి నిండేసరికి మోకాళ్ళు అయిపోయాయి. ఆటకు ముందు రెండింటికీ పట్టీలు చుట్టుకోవడానికే చాలాసేపు పట్టేది. డాక్టరు ఇంక చాలన్నాడు. సీజను చివరి ఆట అయిన మరుసటి సోమవారం నుంచి మామగారి లారీలో, చలికి ఇళ్ళు వెచ్చబెట్టే పొయ్యినూనె ఇంటింటికీ పోసే పని ఖాయమైంది. అప్పటికి వాడి గోల్స్ ఓడ్జర్స్ గోల్స్‌తో సమానంగా వచ్చి నిలిచాయి. ఇంకొక్కటి కొడితే పేరు పైన పడుతుంది. కొట్టకపోతే ఓడ్జర్స్ పక్కన ఉండిపోతుంది. మిగిలింది ఒక్క ఆట. ఐరన్ ఫాల్స్‌లో, మా మీద. అంటే నా మీద.

ఆ సాయంత్రం ఓడ్జర్స్ మా బట్టలు మార్చుకునే గదికి వేంచేశాడు. ఒంటెరంగు కోటు, చేతికి రెండు ఉంగరాలు. తిన్నగా నా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"బాబూ, ఊరి పరువు నీ చేతిలో ఉంది. ఆ ఫ్రెంచోడు నా గోల్స్ దాటకూడదు. దాటకపోతే నీకు మంచి కారు చూసి పెడతాను."

"మంచి కార్లు కూడా ఉన్నాయాండీ మీ దగ్గర?" అన్నాను.

గదిలో వాళ్ళు కిసుక్కుమన్నారు. మర్డో మాత్రం నవ్వలేదు. ఓడ్జర్స్ వెళ్ళాక వంగి నా చెవిలో అన్నాడు. "ఆ ముసలాడు చెప్పాడని కాదు గానీ, ఇవాళ పెల్షా కొట్టాడంటే వచ్చే ఏడు నీ లాకర్‌లో చీపుళ్ళు పెట్టిస్తా."

ఆటకు ముందు ఒళ్ళు వేడెక్కించుకునేటప్పుడు నడి గీతకు అటు వాళ్ళు అటూ ఇటు వాళ్ళు ఇటూ తిరుగుతారు. గీత దగ్గర ఆగి కబుర్లాడితే ఎవరూ ఏమీ అనరు. పెల్షా వచ్చి నా ఎదురుగా ఆగాడు.

"బేబీ, ఒక బేరం. నా గోల్ నాకిచ్చెయ్. వచ్చే చలికాలమంతా మీ ఇంటికి పొయ్యినూనె ఊరికే పోస్తా."

"రెండు చలికాలాలు."

"దొంగవెధవా. ఒకటిన్నర."

"మీ మామకు తెలిస్తే లారీ కింద పడేస్తాడు."

"తెలియనిస్తే కదా." నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, కర్ర చివరన చుట్టిన పట్టీని గోటితో గీకాడు. "ఒరేయ్, పోయిన వారం అవతలి జట్టు గోలీగాడు నా కోసం కాళ్ళు ఎడం చేసి నిలబడ్డాడు. వినే ఉంటావు. జాలి పడ్డాడు నా మీద. నేను పక్కును కావాలనే గోడకేసి కొట్టాను. నాకలాంటిది వద్దు. కానీ ఆ ఒక్కటి నాకు కావాల్రా. సోమవారం నుంచి జనం నన్నడిగేది ట్యాంకు నిండిందా లేదా అనే."

"నేను పట్టుకుంటాను, నువ్వు వదిలించుకో," అన్నాను.

"అదీ మాట," అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత వాడు నోరు విప్పలేదు. ఆట మొదలైంది, మొదటి భాగం అయింది, రెండోదీ అయింది. సూపు లేదు, గురక లేదు, పైకప్పు లేదు. నాకు ఏదోలా ఉంది. పన్నెండేళ్ళు చెవిలో జోరీగలా మోగిన గొంతు ఆగిపోతే చెవులు దిబ్బడేసినట్టుంటుందని అప్పుడే తెలిసింది. నేనే ఉండబట్టలేక అడిగాను.

"ఏం పెల్షా, ఇవాళ ఇంట్లో ఏం వండారు?"

పలకలేదు. భుజాలు బిగుసుకుని ఉన్నాయి. ఎంత కావాలనుకుంటున్నాడో ఆ వీపే చెప్పింది. దేవుడా, వీడికి ఈ గోల్ పడాలి అని నా మనసులో అనుకున్నాను. అనుకుంటూనే మోచేత్తో వాడి డొక్కలో పొడిచాను. ఉద్యోగం ఉద్యోగమే కదా.

ఆఖరిదైన మూడో భాగం చివరికొచ్చింది. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. ఆట గెలిచినా ఓడినా ఎవరికీ ఒరిగేది లేదు. జనం పెల్షా కోసమే వచ్చారు. గని సైరన్ విని కూడా కదలని ముసలివాళ్ళు సహా అందరూ లేచి నిలబడే చూస్తున్నారు. అప్పుడు మావాడొకడు తడబడ్డాడు, పక్కు పెల్షాకు చిక్కింది, వాడి ముందు మా గోలీ తప్ప ఎవరూ లేరు. భుజాలు సడలాయి.

నేను కర్రను వాడి నడుముకు తగిలించి వెనక్కి గుంజాను. చెత్త పని. ఎవరు చూసినా తప్పే. వాడు బోర్లా పడ్డాడు. పక్కు నా కర్ర అంచుకు తగిలి పక్కకు దొర్లి వాళ్ళవాడికే దొరికింది. రిఫరీ చెయ్యి పైకి లేచింది.

మా ఆటలో తప్పు జరిగిన వెంటనే విజిల్ ఊదరు. తప్పు చేసిన జట్టువాడు పక్కును చేజిక్కించుకున్నాకే ఊదుతారు. అందాకా అవతలి జట్టుకు పండగ. వాళ్ళ గోలీ బెంచీకి పరుగెత్తుతాడు, అతని బదులు ఇంకో ఆటగాడు దిగుతాడు. గోల్ ఖాళీగా ఉన్నా భయం లేదు, ఎందుకంటే మేం పక్కును అందుకున్న క్షణంలో ఆట ఆగిపోతుంది. ఐరన్ ఫాల్స్ గోలీ అలాగే పరుగెత్తాడు.

పెల్షా లేచాడు. పక్కు మళ్ళీ వాడికే వచ్చింది, మూలలో. ఎదురుగా నేను, నా వెనక మావాళ్ళిద్దరు. గోల్‌కు దారి లేదు. అలవాటు ప్రకారం రింకంతా ఒక్క గొంతుతో అరిచింది.

"వెనక్కివ్వు!"

ఎందుకిచ్చాడో నాకు తెలియదు. మోకాళ్ళు నొప్పెట్టాయో, ఆ గోల్ మీద ఆశతో బుర్ర పనిచేయలేదో, లేక వెనక్కిస్తే తిరిగి తనకు మంచి చోట దొరుకుతుందని లెక్క వేశాడో. జీవితంలో మొదటిసారి చెప్పిన మాట విన్నాడు. చూడకుండా, ముచ్చటగా, పక్కును వెనక, నడి గీతకు ఇవతల ఉండే నీలి గీత దగ్గరికి తోశాడు. అక్కడ వాళ్ళ విల్ఫ్ స్టాంకో ఉండాలి. ఏ జట్టులోనైనా అక్కడొక మనిషి ఉంటాడు. కానీ స్టాంకో పెల్షాతో తొమ్మిదేళ్ళు ఆడినవాడు. పెల్షా వెనక్కివ్వడని వాడికి తన పేరంత ఖాయంగా తెలుసు. అందుకే ఆ స్థలం ఎప్పుడో వదిలేసి గోల్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

పక్కు నీలి గీత దాటింది. నడి గీత వైపు పోతోంది. దాని అవతల ఖాళీ ఐసు, ఆ చివర వాళ్ళ ఖాళీ గోల్.

జనం అరుపు సగంలో తెగిపోయింది. పెల్షా వెనక్కి తిరిగాడు. తిరిగి, పరుగు తీశాడు. పన్నెండేళ్ళలో ఏ కోచ్ బతిమాలినా పరుగెత్తని వైపు, పట్టీలు చుట్టిన ఆ రెండు మోకాళ్ళ మీద, నోరు తెరుచుకుని పరుగెత్తాడు. వాడి వెనకే నేను. ఆలోచించి పరుగెత్తానని చెప్పను. వాడు పోతే నేను పోవాలి, అంతే. సగం దూరం వెళ్ళాక బుర్ర పనిచేసింది. నేను ఆ పక్కును అందుకుంటే విజిల్ మోగుతుంది. ఆట ఆగుతుంది. నేను రెండు నిమిషాలు ఐసు పక్కన శిక్ష బోనులో కూర్చుంటాను, మావాళ్ళు ఒకడు తక్కువవుతారు, వాడి పరువు దక్కుతుంది, గోల్ కొట్టే అవకాశం కూడా దక్కుతుంది. అందుకోకపోతే మేం గెలిచినట్టే.

మా బెంచీ ముందు నుంచి పోతుంటే మర్డో గొంతు చిరిగిపోయేలా అరుస్తున్నాడు. "ముట్టుకోకు! ఒరేయ్ దున్నపోతా, దాన్ని ముట్టుకోకు!"

నా కాళ్ళు పెల్షా కాళ్ళ కన్నా పొడుగు. వాణ్ణి దాటాను. మొదటిసారి వాడి వీపు నా వెనక ఉంది. ఐసు గరుకెక్కి పక్కు నెమ్మదించింది కానీ ఆగలేదు. నేను కర్ర చాచి ముందుకు దూకాను. పెల్షా కూడా దూకాడు. నా కర్ర పక్కుకు జానెడు దూరంలో ఐసును గీరింది. ఇద్దరం కలిసి పొట్టల మీద జారుకుంటూ పోయి, పక్కు వెనకే వాళ్ళ గోల్‌లో పడ్డాం. వల మా మీద కప్పుకుంది. గోల్ పడిందని చెప్పే ఎర్ర దీపం వెలిగింది.

తర్వాత మైకులో ఆ ఊరి మనిషి, ఇంట్లో ఎవరో పోయినట్టు చెప్పాడు. "స్ప్రూస్ లేక్ గోల్. కొట్టినవాడు... ఒరెస్ట్ బాబియుక్."

నిబంధన అదే. తన గోల్‌లో తానే వేసుకున్నవాడి పేరు రాయరు. అవతలి జట్టులో పక్కును చివరగా తాకినవాడి పేరు రాస్తారు. నా కర్ర అంచుకు తగిలింది కదా, ఆ తగిలిందే నా ఖాతాలో పడింది. ఎక్కడో పై వరసలో ఒకావిడ నవ్వింది. ఇంకెవరో అందుకున్నారు. ఆ నవ్వు మెట్లు మెట్లుగా దిగి రింకంతా నిండింది. మావాళ్ళయితే ఐసు మీద కూలబడి మరీ నవ్వుతున్నారు. ఎవడైనా మొదటి గోల్ కొడితే జట్టువాళ్ళు ఆ పక్కును వలలోంచి తీసి వాడి చేతికివ్వడం ఆనవాయితీ. నాకు తెచ్చిచ్చే స్థితిలో ఒక్కడూ లేడు.

పెల్షా వలలో పడుకునే తన పొట్ట కింద తడిమి పక్కును బయటికి లాగాడు. నా చేతి తొడుగులో పెట్టాడు.

"మొదటిదేనా?" ఆట మొదలయ్యాక అదే వాడి మొదటి మాట.

"ఊఁ."

"భలే కొట్టావురా," అని కళ్ళు మూసుకున్నాడు.

నేను శిక్ష బోనుకు పోయాను. గోల్ కొట్టినా చేసిన తప్పుకు శిక్ష తప్పదు. ఆట కూడా ఇంచుమించు అంతసేపే మిగిలింది. పెల్షా గోల్ కమ్మీ పట్టుకుని లేచాడు. కుడికాలు సరిగ్గా ఆనడం లేదు. వాళ్ళ కోచ్ రమ్మని చెయ్యి ఊపాడు. పెల్షా అటు చూడనైనా చూడలేదు. ఒంటికాలి మీద జారుకుంటూ మా గోల్ ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

అప్పుడు చూశాను వాడి ఆట. సిగ్గు లేకుండా చెబుతున్నాను, పన్నెండేళ్ళు వాడి వీపుకు అతుక్కుని తిరిగిన నేను వాడి ఆట ఏనాడూ చూడలేదు. వీపు చూశాను, మెడ చూశాను, మచ్చ చూశాను. బోను ముందు గాజు అద్దం వెనక కూర్చుని, చేతిలో ఏ పనీ లేకుండా చూస్తే తెలిసింది. మా అయిదుగురూ ఎటు కదులుతారో వాళ్ళకన్నా ముందు వాడికి తెలుసు. ఒంటికాలి మీద, ఉన్నచోటు నుంచి పెద్దగా కదలకుండానే, ఎవరికీ అందని సందు వెతుక్కుని అందులో ఉంటున్నాడు. ఎంత అందంగా ఉందో! పెద్ద లీగు కోచ్ మీద నాకు ఒళ్ళు మండింది. మర్డో మీద మండింది. నా మీద నాకు మరీ మండింది.

పక్కు వాడి దగ్గరికి వచ్చింది. భుజాలు సడలాయి.

"కొట్టు!" అని అద్దం మీద గుద్దాను. మా జట్టు చొక్కా నా ఒంటి మీదే ఉంది. "కొట్టరా పెల్షా, కొట్టు!"

కొట్టాడు. మా గోలీ కదలనైనా లేదు. పక్కు ఇనప కమ్మీకి తగిలి ఖంగుమంది. ఆ మోత నాకు పళ్ళలో తెలిసింది. తిరిగొచ్చిన దాన్ని మళ్ళీ కొట్టాడు, మావాడి కాలికి తగిలి గాల్లోకి లేచింది. అది కిందికి వచ్చేలోపే హారన్ మోగింది.

అయిపోయింది. ఓడ్జర్స్‌తో సమానం, అంతే. ఒంటెరంగు కోటు మా బెంచీ వెనక లేచి చప్పట్లు కొడుతోంది. ఆయనొక్కడే.

పెల్షా మా గోల్ దగ్గర కాసేపు నిలబడ్డాడు. తన బెంచీ దూరం. శిక్ష బోను దగ్గర. ఒంటికాలి మీద జారుతూ వచ్చి, బోను తలుపు తీసుకుని, నా పక్కన కూలబడ్డాడు.

"ఒక్క సంగతి చెప్పు," అన్నాడు ఆయాసపడుతూ. "ఊరుకున్నా గోల్ ఎలాగూ మీకే పడేది. ఎందుకు దూకావ్?"

"నువ్వు గోల్ కొట్టకుండా చూడమన్నాడు మర్డో. ఏ గోల్‌లోనో చెప్పలేదు."

నవ్వడం మొదలుపెట్టాడు. ముందు పళ్ళు నాలుగూ లేని నోటితో, మోకాలు పట్టుకుని, దగ్గొచ్చేదాకా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చాడు. "కావాలనిపించింది బేబీ. చాలా కావాలనిపించిందిరా," అన్నాడు. నాకూ ఏడుపొచ్చింది. ముక్కు విరిగినవాళ్ళు ఏడిస్తే చప్పుడెక్కువ.

"పోయి పోయి ఆ కార్లవాడి పక్కన నా పేరు. జీవితాంతం. ఆ మొహం పక్కన!"

"వాడు పోయాక నువ్వొక్కడివే ఉంటావులే."

"పోతాడంటావా?"

"వాడి కారు వాడే నడుపుతాడు కదా."

ఐసు చదును చేసే బండి గేటు దగ్గరికొచ్చి ఆగింది. జనం ఇళ్ళకు పోలేదు. ఎవరూ అరవడం లేదు, నిలబడి ఉన్నారంతే. చివరి ఆట ఆడినవాడు రింకు చుట్టూ ఒకసారి తిరిగి దండం పెట్టుకుని పోవాలి. అందుకోసం చూస్తున్నారు. లూసీల్ అద్దం అవతలికి దిగివచ్చి, లోపలికి చెయ్యి చూపించి, లే అన్నట్టు సైగ చేసింది.

"నా వల్ల కాదు," అన్నాడు పెల్షా. "కాలు లేదు నాకు."

నేను లేచి తలుపు తీశాను. వంగి, వాడి చేతిని నా మెడ చుట్టూ వేసుకుని, రెండో చేత్తో వాడి నడుము పట్టుకున్నాను. ఎప్పుడూ పట్టుకునే చోటే. ఐసు మీదికి దిగాం. మర్డో బెంచీ మీంచి చూస్తున్నాడు. చీపుళ్ళ సంగతి అప్పుడే ఖాయమైపోయుంటుంది. రిఫరీ గేటు దగ్గర విజిల్ చేతిలో పట్టుకుని నిలబడి, మా ఇద్దర్నీ చూసి, దాన్ని జేబులో వేసుకున్నాడు.

మొదటి మూల తిరిగేసరికి జనం చప్పట్లు మొదలుపెట్టారు. పెల్షా చేయెత్తాడు. మోకాలు వంగిపోయి పక్కకు ఒరిగాడు.

"గట్టిగా పట్టుకోరా," అన్నాడు నా చెవిలో. "వదిలావంటే పడిపోతాను."

పన్నెండేళ్ళలో వాడు నన్ను పట్టుకోమనడం అదే మొదటిసారి. పట్టుకున్నాను.